ఎలిజబెత్, మూడడుగుల నాలుగంగుళాలు

పేతురు సుత్తి చప్పుడు వినపడితే చాలు, ఏలూరు కాలవగట్టు వీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. అతను మంచం కోడు బిగిస్తున్నాడో, పీటకి మేకు కొడుతున్నాడో కనుక్కునే ఓపిక ఎవరికుంది! వడ్రంగి పేతురు ఇంట్లో మేకు దిగిందంటే ఎక్కడో ఒక ప్రాణం పోయినట్టేనని వీధి వీధంతా తీర్మానించేసుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ తీర్మానం పూర్తిగా అబద్ధమూ కాదు. పేతురు మంచాలు చేసేవాడు, పీటలు చేసేవాడు, మిషను బడికి బెంచీలు చేసేవాడు. కానీ అతని చేతికి పేరొచ్చింది మాత్రం శవపెట్టెలకే.

ఇటు భీమడోలు, ఉంగుటూరు దాకా, అటు కొల్లేటి లంకల దాకా, క్రైస్తవుల ఇళ్ళలో ఎవరు కన్నుమూసినా పేతురు దగ్గరికే రావాలి. మనది ఎండల సీమ. పొద్దున పోయిన మనిషిని సాయంత్రానికల్లా మట్టి చెయ్యాలి. అందుకని పోయిన మనిషి పొడవుకి ఒక జమ్ము పుల్ల తుంచి, అది పట్టుకుని ఎవరో ఒకరు రైలెక్కో పడవెక్కో పరుగున వచ్చేవారు. పేతురు ఆ పుల్లని ఒక్కొక్క పెట్టెలోనూ పెట్టి చూసి, సరిపోయిన దాన్ని తీసి ఇచ్చేవాడు. ఏడుస్తూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టి చెక్క కోయడం మొదలుపెడితే ఎలా? కాబట్టి అతని అరుగు మీద ఎప్పుడూ నాలుగైదు పెట్టెలు గోడకి చేరగిలబెట్టి ఉండేవి, పెద్దవీ చిన్నవీ.

వచ్చిన చిక్కల్లా ఆ అరుగుతోనే వచ్చింది. ఎదురింటి లక్ష్మీనారాయణ కిరాణా వ్యాపారి, మెత్తని మనిషి. తల్లి వీరరాఘవమ్మ మాత్రం పట్టింపుల మనిషి. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా పెట్టెలు! ఆవిడ వీధి తలుపు తీయడమే మానేసింది. ఏ పనికైనా దొడ్డిదారినే పోయేది. పంతొమ్మిది వందల ముప్ఫై అయిదు వేసవిలో ఆ దొడ్డి మెట్ల మీదే కాలు జారి తుంటి విరిగి, మూడు వారాలు మంచంలో మూలిగి కన్నుమూసింది. లక్ష్మీనారాయణ పేతురుని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పన్నెండో రోజు కాగానే వీధిలో ఇరవై రెండు సంతకాలు పోగుచేసి మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాడు, ఇళ్ళ మధ్య ఈ వ్యాపారం కుదరదని.

శానిటరీ ఇన్‌స్పెక్టరు జోగారావు సైకిలు మీద వచ్చాడు. చెడ్డవాడేం కాదు, లంచగొండీ కాదు. కాకపోతే కాగితం మీద ఉన్నది తప్ప లోకంలో మరేదీ ఆయన కంటికి ఆనదు. చట్టం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఇళ్ళ వీధుల్లో చెయ్యకూడని పనుల పట్టీ మొదటి నుంచీ చదివాడు. తోళ్ళు పదును చెయ్యడం, ఎముకలు ఉడకబెట్టడం, చేపలు ఎండబెట్టడం, సబ్బు కాయడం, ఇటుకబట్టీ పెట్టడం.

"నీ పని దీంట్లో లేదయ్యా పేతురూ" అన్నాడు ఆశ్చర్యంగా.

"లేకపోతే మంచిదేగదండీ."

"మంచిదెలా అవుతుంది? లేని పనికి నేనేమని రాయను?" అని కాసేపు గడ్డం గోక్కుని, ఆఖరికి ఒక దారి కనిపెట్టాడు. "ఇదిగో విను. పెట్టెలు నిలవ ఉంటే అది కొట్టు. ఇళ్ళ వీధిలో కొట్టు ఉండకూడదు. ఎవరో ఆర్డరిస్తే చేసిపెట్టావనుకో, అది ఇంట్లో చేసుకునే చేతిపని. దానికి లైసెన్సు ఇవ్వచ్చు. పెట్టె వీధిలోకి కనపడకూడదు. పొద్దు పొడవకముందు, దీపాలు పెట్టాక సుత్తి మోగకూడదు. ఇంట్లో ఏ పెట్టె ఉన్నా అది ఫలానా మనిషి కోసమని పేరు, కొలత, తేదీ పుస్తకంలో రాసి ఉండాలి. పేరు లేని పెట్టె ఒక్కటి కనపడిందంటే లైసెన్సు రద్దు. దొంగ పేరు రాస్తే కోర్టు కేసు."

పేతురు దణ్ణం పెట్టి సరేనన్నాడు. ఆ సరే అన్నది ఎంత దూరం వెళుతుందో అప్పుడతనికి ఏం తెలుసు!

నెల తిరక్కుండానే తెలిసొచ్చింది. పుల్లలు పట్టుకుని వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోతున్నారు. చెక్క కోసి, చిత్రిక పట్టి, మేకులు కొట్టేసరికి పూట గడిచిపోతోంది. అక్కడ ఊళ్ళో శవం ఎండకి పాడవుతోంది. రెండు కుటుంబాలవాళ్ళు విసిగిపోయి చాపలో చుట్టి పాతిపెట్టారని కబురొచ్చింది. ఆ కబురు విన్నరోజు పేతురు అన్నం ముట్టలేదు.

ఈ కష్టానికి మందు కనిపెట్టింది హన్నమ్మ మామ్మ. డెబ్భై దాటిన ముసలిది, ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెప్పేది, చావంటే ఆవిడకి పుట్టింటికి పోయినంత తేలిక.

"ఒరే పిచ్చోడా, నా పేరు రాసుకోరా" అంది. "నాకెటూ కావాలి పెట్టె. ఆర్డరిచ్చినట్టే గదా! దొంగ పేరెలా అవుతుంది?"

జోగారావు కూడా పుస్తకం చూసి ఒప్పుకున్నాడు. మనిషి ముందే చచ్చి ఉండాలని ఎక్కడా రాయలేదన్నాడు. అలా హన్నమ్మ పేరు మీద ఒక పెట్టె సిద్ధమైంది. కైకరంలో ఆవిడంత పొడుగు మనిషెవరో పోతే అది వాళ్ళకిచ్చి, మళ్ళీ హన్నమ్మ పేరు మీదే ఇంకోటి చేశాడు. "నన్నిప్పటికి ఎన్నిసార్లు సాగనంపావురా?" అని ఆవిడ పకపకా నవ్వేది. ఆవిణ్ణి చూసి ధైర్యం తెచ్చుకుని ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు పేర్లిచ్చారు. పెద్ద పెట్టెల బాధ తీరింది.

చిన్న పెట్టెలకి మాత్రం ఎవరిస్తారు పేరు? ఏ తల్లి ఇస్తుంది?

వానలు పడ్డాక కొల్లేటి చుట్టుపక్కల చలిజ్వరాలు మొదలవుతాయి. అవి ముందు పిల్లల్నే పట్టుకుంటాయి. ఆ భాద్రపదంలో ఒక ముసురు రోజున, మధ్యాహ్నం రైలుకి భీమడోలు నుంచి ఇమ్మానుయేలు అనే కూలిమనిషి దిగాడు. చేతిలో పుల్ల లేదు. భుజాన తువ్వాల్లో చుట్టిన పిల్లవాడు ఉన్నాడు.

"పుల్ల తెస్తే మళ్ళీ వెనక్కెళ్ళాలి గదండీ. ఇక్కడ మా బావమరిది ఉన్నాడు, ఇక్కడే మట్టి చేసేద్దామని తెచ్చేశానండీ" అన్నాడు. "రైల్లో అడిగినవాళ్ళకి నిద్దరోతున్నాడని చెప్పానండీ."

ఇంట్లో చిన్న పెట్టె లేదు. చెక్క వానకి ఉబ్బిపోయి రంపం కదలనివ్వడం లేదు. ఆ తండ్రి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. ఎదురింటి గుమ్మంలో లక్ష్మీనారాయణ నిలబడి చూశాడు, వీధిలో అందరూ చూశారు, ఎవరూ కదల్లేదు. దీపాల వేళ దగ్గరపడుతోంది, ఆ తరవాత సుత్తి మోగకూడదు. పేతురు ఏడుస్తూ కొట్టాడు మేకులు. ఆ తండ్రి వెళ్ళిపోయాక చేతులు కడుక్కుని, గూట్లోంచి పుస్తకం తీసి, ఎవరితోనూ చెప్పకుండా ఒక వరస రాశాడు. ఎలిజబెత్, తండ్రి పేతురు, మూడడుగుల నాలుగంగుళాలు.

ఎలిజబెత్ అతని ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ళది. ఇంట్లో బేతమ్మ అని పిలుచుకునేవారు. గుమ్మానికి ఆనించి కొలిస్తే ఆ పిల్ల కిలకిలా నవ్వుతూ నిలబడింది, నాన్న ఆట ఆడుతున్నాడనుకుని.

అతని భార్య సుగుణ మిషను బళ్ళో అయిదో తరగతి దాకా చదువుకుంది. గూడు దులుపుతూ పుస్తకం తెరిచి చూసింది. చూసి, వంటింట్లో పొయ్యి మీద మాడిపోతున్న అన్నాన్ని కూడా పట్టించుకోకుండా వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇది మీ రాతేనా?"

పేతురు తల వంచుకుని చిత్రిక పడుతూనే ఉన్నాడు. "పేరు రాస్తే ప్రాణం పోతుందా సుగుణా? మామ్మ పేరు ఎన్నిసార్లు రాశాను? రాయిలా ఉంది గదా! శకునాలూ గికునాలూ ఎదురింటివాళ్ళకి. మనం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం."

"శకునం సంగతి నేననడం లేదు. మీ బిడ్డకి పెట్టె మీరే చేసి ఇంట్లో పెట్టారు. రేపు పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా మీ చేతులకి ఆ కొలతే గుర్తొస్తుంది. అది పోదండీ. కొట్టేయండి ఆ పేరు."

కొట్టేద్దామనే వెళ్ళాడు పేతురు జోగారావు దగ్గరికి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "కొట్టేస్తే ఆర్డరు అబద్ధమని నువ్వే ఒప్పుకున్నట్టు. దొంగ పేరు కింద కేసవుతుంది. కొట్టేస్తావా మరి?" అని అడిగాడు, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. పేతురు వెనక్కి వచ్చేశాడు. బజారులో కొట్టు అద్దెకి తీసుకుందామని కాళ్ళరిగేలా తిరిగాడు. శవపెట్టెలకని తెలిసీ కొట్టిచ్చేవాడు ఏలూరు మొత్తానికీ దొరకలేదు.

చిన్న పెట్టెని వెనక గదిలో పెట్టారు. వారం తిరక్కుండా ఆగడాల్లంక నుంచి ఒకరు చిన్న పుల్లతో వచ్చి పట్టుకుపోయారు. ఆ ముసురు రోజు కళ్ళలో మెదిలి పేతురు మళ్ళీ అదే కొలతకి చేసి, పుస్తకంలో మళ్ళీ అదే పేరు రాశాడు. అదీ పోయింది. మళ్ళీ రాశాడు. క్రిస్‌మస్ నాటికి ఆ పేజీలో ఒకదాని కింద ఒకటి ఏడు ఎలిజబెత్‌లు ఉన్నాయి. ఆఖరిది తప్ప ఒక్కొక్క పేరుకీ ఎక్కడో ఒక తల్లి గుండెలు బాదుకుంది.

బేతమ్మకి ఇవన్నీ ఎక్కడ తెలుసు! ఎవరు చెప్పారో మరి, ఆ చిన్న పెట్టె తనదేనని మాత్రం తెలుసుకుంది. చెక్కబొమ్మలూ గవ్వలూ తెచ్చి అందులో దాచుకునేది. ఎవరైనా పట్టుకుపోతుంటే, "నా పెట్టె ఎందుకిచ్చేశావు నాన్నా?" అని కాళ్ళు నేలకేసి కొట్టేది.

"ఏడవకమ్మా, నీకింకోటి చేస్తాగా" అన్నాడు పేతురు ఒకరోజు. అన్నాక ఆ మాట తన చెవిన పడి, పని మానేసి కాలవ గట్టున చీకటి పడేదాకా కూర్చున్నాడు.

జనవరిలో హన్నమ్మ మామ్మ పోయింది. రోగం లేదు, రొష్టు లేదు. పొద్దున ప్రార్థన చేసుకుంటూ వాలిపోయింది. ఈసారి ఆవిడ పెట్టె ఆవిడకే సరిపోయింది. ఊరంతా మంచి చావన్నారు. సుగుణ మాత్రం సమాధుల దొడ్డి నుంచి తిరిగొస్తూ, "పేరిచ్చిన నలుగురిలో ఒకరు పోయారు" అంది. ఆ మాట తనకీ తట్టిందని, తట్టినందుకు సిగ్గుగా ఉందని ఆమెతో పేతురు ఎలా చెబుతాడు?

ఆ తరవాతి వారం నుంచే బేతమ్మకి జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు మధ్యాహ్నానికి ఒణుకు మొదలయ్యేది. పళ్ళు టకటకమని కొట్టుకునేవి. ఇంట్లో ఉన్న బట్టలన్నీ కప్పినా ఆగేది కాదు. సాయంత్రానికి చెమట పట్టి దిగిపోయేది, మర్నాడు మామూలుగా ఆడుకునేది. పేతురు తపాలా ఆఫీసులో అమ్మే క్వినైను పొట్లాలు తెచ్చేవాడు, సుగుణ బెల్లంలో చుట్టి మింగించేది. ఫిబ్రవరికి జ్వరం తగ్గిపోయింది. "చూశావా!" అన్నాడు పేతురు. సుగుణ పిల్లకేసి చూసింది. పిల్ల ముఖంలో రక్తం లేదు, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. తింటోంది గదా, అదే పుంజుకుంటుందిలే అనుకున్నారు. పిల్లలకి పొట్టలుండడం కొల్లేటి ఊళ్ళలో వింతా ఏమిటి!

లైసెన్సు మార్చి ఆఖరుకి తిరగరాయించుకోవాలి. సరిగ్గా ఆ వేళ చూసుకుని లక్ష్మీనారాయణ రెండో అర్జీ పెట్టాడు. ఆ పుస్తకంలో పేర్లు నాటకమనీ, ముఖ్యంగా ఎదిగే పిల్లకి నిరుడు తీసిన కొలత ఇప్పుడు చెల్లదనీ, చెల్లని కొలతకి చేసిన పెట్టె నిలవ సరుకేననీ, నిలవ సరుకుంటే అది కొట్టేననీ రాశాడు. రాయించింది ప్లీడరెవరో గానీ గట్టివాడే. జోగారావుకి ఆ తర్కం అమృతంలా ఉంది.

చెబితే నమ్మరు, ఆ అర్జీ సంగతి విని పేతురు ఇంట్లో ఎంత సంతోషించారో! ఏడు నెలలయింది. ఆరేళ్ళ పిల్ల అంగుళమైనా ఎదక్కపోతుందా? కొలత తప్పితే చట్టమే ఆ పేరు కొట్టేస్తుంది. పిల్ల ఎదగడం నేరం కాదు గనుక కేసు ఉండదు. పోతే లైసెన్సు పోతుంది, పోనీ! తాడేపల్లిగూడెంలో సుగుణ అన్న ఉన్నాడు. అక్కడ తలుపులూ కిటికీలూ చేసుకుని బతకొచ్చు. సుగుణ అప్పుడే గిన్నెలు మూటకట్టేసింది. పెళ్ళయ్యాక ఆమె ముఖం అంత తేటగా ఉండడం పేతురు చూడలేదు. బేతమ్మకి తలంటి, ఉతికిన గౌను వేసి, నడినెత్తిన జడ ఎత్తి కట్టబోయి, మళ్ళీ విప్పేసి, "వద్దులే, జుట్టువల్ల అని అంటారు" అని కిందికి అల్లింది.

మార్చి ఇరవై తొమ్మిదిన పొద్దున్నే జోగారావు వచ్చాడు. పక్కన లక్ష్మీనారాయణ. ఇద్దరికీ పీటలు వేశారు. లక్ష్మీనారాయణ పీట మీద కూర్చోలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు. జోగారావు ముందు వెనక గదిలో పెట్టె చూశాడు, కొలిచాడు, పుస్తకంతో సరిపోల్చాడు.

"పెట్టె సరే. పిల్లని నిలబెట్టు" అన్నాడు.

"రా అమ్మా" అన్నాడు పేతురు. కొలబద్ద చేతిలోకి తీసుకున్నాడు. ఏడు నెలల్లో మొదటిసారి ఆ పిల్లని నిర్భయంగా చూశాడు. బేతమ్మ గోడకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. వంటింటి తలుపు దగ్గర సుగుణ చేతులు జోడించుకుని కళ్ళు మూసుకుంది.

పేతురు పిల్ల నెత్తి మీద అట్ట పెట్టి, గోడ మీద గీత గీసి, నేల నుంచి కొలిచాడు. ఏదో పొరబాటు చేశాననుకుని మళ్ళీ కొలిచాడు.

"ఏదీ, ఇలా జరుగు" అని జోగారావు తన సొంత టేపు తీసి, వంగి, స్వయంగా చూశాడు. "మూడడుగుల నాలుగంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదే!" ఆయన ముఖం విప్పారింది. పాపం, తన పుస్తకం నిజమైనందుకు ఆయనకి ఎంత ఆనందమో. "చూశారా లక్ష్మీనారాయణగారూ? ఆర్డరు చెల్లుతుంది. ఇది కొట్టు కాదు, చేతిపనే." మోకాలి మీద కాగితం పెట్టుకుని, సిరాబుడ్డి మూత తీసి, లైసెన్సు మీద సంతకం చేశాడు. వచ్చే మార్చి ముప్ఫై ఒకటి దాకా.

గుమ్మం బయట నుంచి లక్ష్మీనారాయణ లోపలికి వచ్చేశాడు. పేతురు ఇంటి గడప ఆయన తొక్కడం అదే మొదలు. పిల్ల మెడకేసి, పుల్లల్లాంటి చేతులకేసి, గౌనుని ముందుకి తోస్తున్న పొట్టకేసి చూశాడు. ఆయనకీ పిల్లలున్నారు.

"ఇంకోసారి కొలవండి" అన్నాడు.

"ఎందుకండీ? సరిపోయింది గదా!" అన్నాడు జోగారావు.

"అది కాదండీ, పిల్ల ఎదగలేదండీ" అన్నాడు లక్ష్మీనారాయణ. "ఏడు నెలల్నుంచీ ఎదగలేదండీ!"

జోగారావు సిరా ఆరడానికి కాగితం మీద మెల్లగా ఊదుతూ, "అది నా రిజిస్టరులో ఉండదండీ" అన్నాడు.

సుగుణ పరుగున వచ్చి పిల్ల ముందు కూలబడింది. గౌను పైకెత్తి ఎడమ డొక్కలో వేళ్ళు పెట్టి నొక్కింది. అక్కడ రాయిలా గట్టిగా ఉన్నదేదో తగిలింది, చలిజ్వరం లోపలే నిలిచిపోతే కట్టే గడ్డ. ఇన్నాళ్ళూ రోజూ నీళ్ళు పోస్తూ కూడా అది తెలుసుకోలేకపోయానే అని నోట్లో కొంగు కుక్కుకుంది. బేతమ్మకి ఏమీ అర్థం కాలేదు. అందరూ తన పొడుగు గురించే బాధపడుతున్నారని మాత్రం గ్రహించింది. ఆ పిల్ల గోడకి ఇంకా గట్టిగా అంటుకుని, మునివేళ్ళ మీద లేచింది.

"ఇప్పుడు ఎదిగాను గదా నాన్నా?"

పేతురు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల మడమలు రెండూ పట్టుకుని నేలకి ఆనించాడు. కొలబద్ద తీసి మళ్ళీ మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టాడు.